చీమకుర్తి యూనిట్: గ్యారంటీ లోన్ కిస్తీ ఒక్కసారిగా 28 వేలు ఎందుకైంది? పీఎఫ్ సాయం ఎవరికి వస్తుంది?

గెలాక్సీ_పాలిష్ (2021 అక్టోబర్ నాటి చర్చ; ఇందులోని పథకాలు, గడువులు అప్పటివి)

చీమకుర్తిలో చిన్న గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్. 2020 ఫిబ్రవరి 29 నాటికి సీసీ (వర్కింగ్ క్యాపిటల్ ఖాతా), టర్మ్ లోన్ కలిపి బాకీ 40 లక్షలు. దాని మీద 20 శాతం, అంటే 8 లక్షలు, 2020 ఆగస్టులో కోవిడ్ సాయంగా కేంద్రం హామీ ఉండే ఎమర్జెన్సీ క్రెడిట్ లైన్ కింద గ్యారంటీ లోన్ ఇచ్చారు. ఏడాది పాటు నెలకు 6 వేల చిల్లర కట్ అయ్యేది. సెప్టెంబర్‌లో 28 వేలు దాటి పోయింది. బ్యాంకు పొరపాటా? గడువు పెంచుకునే వీలుందా?

రెండోది. పోయిన ఏడాది సెప్టెంబర్‌లో పీఎఫ్ కట్టింది 18 మందికి. ఇప్పుడు 23 మంది. కొత్త ఐదుగురిలో ముగ్గురు ఊరి కుర్రాళ్లు, ఇదే మొదటి పని. ఇద్దరు బీహార్ వాళ్లు, హైదరాబాద్‌లో ఒక టైల్స్ కంపెనీలో ఈ జనవరి దాకా చేశారు. వీళ్ల పీఎఫ్ ప్రభుత్వమే కడుతుందంటున్నారు, ఎంతవరకు నిజం?

ఒంగోలు_ఖాతాపద్దు

పొరపాటు కాదండి. ఆ లోన్ గడువు మొత్తం 4 ఏళ్లు. మొదటి 12 నెలలు వడ్డీ ఒక్కటే, తర్వాత 36 నెలల్లో అసలు తీరాలి. బ్యాంకులకు వడ్డీ పరిమితి 9.25 శాతం. 8 లక్షల మీద నెలకు వడ్డీ 6,167. పదమూడో నెల నుంచి అసలు 22,222 తోడవుతుంది. రెండూ కలిపితే 28,389. నెలనెలా అసలు తగ్గేకొద్దీ వడ్డీ సుమారు 171 రూపాయల చొప్పున దిగుతుంది. మీ స్టేట్‌మెంట్‌లో అలా దిగకపోతే అప్పుడు అడగండి.

5 ఏళ్ల గడువు కూడా ఉంది, 24 నెలలు వడ్డీ, 36 నెలలు అసలు. అది ఈ మే 5న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన రీస్ట్రక్చరింగ్ (పాత అప్పు షరతులు సడలించడం) తీసుకున్న వాళ్లకే. దానికి అర్జీ పెట్టి బ్యాంకు ఒప్పుకోవాల్సిన గడువు సెప్టెంబర్ 30తో అయిపోయింది. ఆలోగా మీరు కాగితం ఇచ్చి ఉంటే రసీదు నకలు పట్టుకుని వెళ్లండి. ఒప్పుకున్న రోజు నుంచి 90 రోజుల్లో అమలు చేయాలి. ఇవ్వకపోతే ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ఇక మిగిలింది అదే పథకం కింద అదనంగా ఇచ్చే 10 శాతం లోన్. సెప్టెంబర్ 29న ప్రకటించారు. 2020 ఫిబ్రవరి 29 బాకీ, 2021 మార్చి 31 బాకీ, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క. 40 లక్షలే అనుకుంటే ఇంకో 4 లక్షలు. పథకం 2022 మార్చి 31 వరకు ఉంది. ప్రాసెసింగ్ ఫీజు లేదు, కొత్తగా ఆస్తి తాకట్టు అడగకూడదు, ముందే తీర్చేస్తే జరిమానా లేదు. నా మాట మాత్రం ఇది: చేతిలో ఆర్డర్ ఉండి, బ్లాకులు కొనడానికో డైమండ్ సెగ్మెంట్లకో (రాయి కోసే బ్లేడు పళ్లు) అయితే తీసుకోండి. పాత కిస్తీ కట్టడానికి మాత్రం వద్దు. 4 లక్షలు 28 వేల చొప్పున 14 నెలల్లో కరిగిపోతాయి, అప్పుడు రెండు లోన్ల అసలూ ఒకేసారి మీద పడుతుంది.

ఇంకొక్కటి చూసుకోండి. 2020 నవంబర్ 5 ప్రాంతంలో మీ ఖాతాల్లో ఎక్స్‌గ్రేషియా (కేంద్రం ఇచ్చిన పరిహారం) జమ పడిందా? మార్చి నుంచి ఆగస్టు వరకు చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడా అది. మొత్తం అప్పు 2 కోట్ల లోపు వాళ్లకు మారటోరియం (కిస్తీల వాయిదా) వాడినా వాడకపోయినా రావాలి. 40 లక్షలకు 10 శాతం వడ్డీ అనుకుంటే సుమారు 4,200. అలాగే 2020 ఏప్రిల్, మే, జూన్ కరెంటు బిల్లుల్లో ఫిక్స్‌డ్ ఛార్జీలు చిన్న పరిశ్రమలకు రాష్ట్ర ప్రభుత్వం మాఫీ చేసింది. బిల్లులు తీసి చూడండి.

ఈసీఆర్_పదిహేను

పీఎఫ్ సంగతి. ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన. కొత్తవాళ్ల నమోదు 2022 మార్చి 31 వరకు. వెయ్యి మంది లోపు ఉన్న సంస్థకు యజమాని, కార్మికుడి రెండు వాటాలూ, జీతంలో 12 ప్లస్ 12 శాతం, నమోదు నుంచి 24 నెలలు కేంద్రమే కడుతుంది.

ముందు తల లెక్క. 2020 సెప్టెంబర్ నెల ఈసీఆర్‌లో (నెలనెలా పీఎఫ్‌కు పంపే లెక్కలో) ఎంతమంది ఉన్నారో అది మీ బేస్. బేస్ 50 లోపయితే దానికి పైన కనీసం ఇద్దరు పెరగాలి, 50 దాటితే ఐదుగురు. మీ బేస్ 18, ఇప్పుడు 23, కాబట్టి సరిపోయింది. చాలా యూనిట్లు ఇక్కడే దెబ్బతింటున్నాయి. పాతవాళ్లు నలుగురు మానేసి కొత్తవాళ్లు నలుగురు చేరితే పెరిగింది సున్నా, రూపాయి రాదు.

తర్వాత మనిషి లెక్క. జీతం 15,000 లోపు ఉండాలి. 2020 అక్టోబర్ 1కి ముందు పీఎఫ్ ఖాతా ఉండకూడదు. ఉంటే, 2020 మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 మధ్య పని పోయి, ఆ సెప్టెంబర్ ఆఖరు దాకా ఇంకెక్కడా పీఎఫ్‌లో చేరనివాడై ఉండాలి. హైదరాబాద్‌లో పాత పీఎఫ్ ఉండి ఈ జనవరి దాకా పనిచేశారు కాబట్టి ఆ బీహార్ వాళ్లిద్దరూ దీని కిందకు రారు. రెండో వేవ్‌లో ఊరెళ్లి తిరిగొచ్చిన పాతవాళ్లూ కొత్తవాళ్లు కాదు. ముగ్గురు కుర్రాళ్లకు వస్తుంది. 12,000 జీతానికి మనిషికి నెలకు 2,880, ముగ్గురికి 8,640. ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో వచ్చే బీమా), అడ్మిన్ ఛార్జీలు మీరే కట్టాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. ఆ ముగ్గురి జీతంలోంచి 1,440 కోయొద్దు. వాళ్ల వాటా కూడా ప్రభుత్వానిదే. కోసుకుంటే అది కూలీ డబ్బు మింగినట్టు.

ఈ సెప్టెంబర్ 1 నుంచి ఆధార్ జతకాని యూఏఎన్‌కు (పీఎఫ్ నంబరుకు) ఈసీఆర్ వెళ్లడం లేదు. మన దగ్గర తగిలే చిక్కు పేర్లలోనే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మీరు పొడి అక్షరంతో ఎక్కిస్తారు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క ‘హెచ్’ ఎక్కువైనా కలవదు. అందుకే చేర్చుకునే రోజే ఆధార్ కార్డు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి ఎక్కించండి.

గెలాక్సీ_పాలిష్

ఇద్దరికీ ధన్యవాదాలు. పాతవాళ్లలో ఒకాయన పీఎఫ్ నుంచి కోవిడ్ అడ్వాన్స్ పెట్టుకుంటే రెండుసార్లు తిరగ్గొట్టారు. ఖాతా పాత ఆంధ్రా బ్యాంకుది. గేటు పక్కన టిఫిన్ బండి అమ్మకు ఏదైనా వస్తుందా?

ఈసీఆర్_పదిహేను

ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిసింది కదా, ఈ ఏప్రిల్ 1 నుంచి పాత ఐఎఫ్ఎస్‌సీ (బ్రాంచి కోడ్) చెల్లదు. పీఎఫ్ పోర్టల్ కేవైసీలో కొత్త కోడ్ ఎక్కించమనండి. ఆ తర్వాత యజమానిగా మీరు డిజిటల్ సంతకంతో ఆమోదించాలి. ఆయన ఎంత తిరిగినా మీ సంతకం పడకపోతే కదలదు. సిండికేట్ బ్యాంక్ ఖాతాలదీ ఇదే గొడవ, అక్కడ జూలై 1 నుంచి. అడ్వాన్స్ అర్జీ ఫారం 31తో పెట్టే చెక్కు మీద పేరు అచ్చయి ఉండాలి, లేకపోతే పాస్‌బుక్ మొదటి పేజీ స్పష్టంగా ఫొటో తీయాలి.

వచ్చేది నిల్వలో 75 శాతం, లేదా మూడు నెలల బేసిక్, డీఏ. ఏది తక్కువైతే అది. నిల్వ 60,000, జీతం 11,000 అయితే 45,000 కాదు, 33,000. పోయిన ఏడాది తీసుకున్నా మే 31 ప్రకటన ప్రకారం రెండోసారి తీసుకోవచ్చు.

ఒంగోలు_ఖాతాపద్దు

టిఫిన్ బండికి పీఎం స్వనిధి, వీధి వ్యాపారులకు కేంద్రం పథకం. 2020 మార్చి 24 నాటికే వ్యాపారం చేస్తుండాలి. పురపాలక గుర్తింపు కార్డు లేకపోతే నగర పంచాయతీ సిఫారసు లేఖ ఇస్తుంది. 10,000 రుణం, 12 కిస్తీలు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. ఆధార్‌కు ఫోన్ నంబరు జతై ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. రాష్ట్రం ఇచ్చే జగనన్న తోడు కూడా 10,000, వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. దానికి వార్డు సచివాలయంలో అడగమనండి.

మీ దగ్గర రోజుకూలీకి లోడింగ్ చేసేవాళ్లు పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లయితే, 16 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లందరినీ ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కేంద్ర పోర్టల్) నమోదు చేయించండి. ఉచితం.