కలివికోడి లెక్కకు రెట్టల పద్ధతి పనికొస్తుందా?

బద్వేలు జువాలజీ: కడపలో ఎమ్మెస్సీ చదువుతున్నా. ఆల్ప్స్ కొండల్లో కాపర్‌కేలీ అనే పెద్ద అడవికోడిని పట్టుకోకుండానే, రాలిన ఈకలు, రెట్టలు ఏరి డీఎన్ఏతో లెక్కగడతారట. అంతరించిపోయిందనుకున్నాక 1986లో మా రెడ్డిపల్లి వైపు మళ్ళీ కనిపించిన కలివికోడి పక్షికి ఇదే చేయొచ్చా? ఎన్ని రెట్టలు దొరికితే అన్ని పక్షులనుకోవాలా? టాపిక్ ఇచ్చే గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

అనంతపురం ల్యాబ్: అలా అనుకోవద్దు తమ్ముడూ. ఒక్క పక్షే బోలెడు రెట్టలేస్తుంది. ప్రతి రెట్టలోని డీఎన్ఏలో మైక్రోశాటిలైట్లు (ఒక్కో పక్షిలో వేరువేరు సార్లు మళ్ళీమళ్ళీ వచ్చే చిన్న ముక్కలు) పోల్చి, ఏవేవి ఒకే పక్షివో తేలుస్తారు. ఆడదో మగదో డీఎన్ఏలోని వేరే గుర్తు (మార్కర్) చెబుతుంది. అసలు లెక్క ఆ తర్వాతే. మొదటి విడతలో 30 పక్షులు తేలాయనుకో. రెండో విడతలో 24 తేలి, వాటిలో 18 పాతవే, అంటే నాలుగింట మూడొంతులు పాతవే అయితే, మొదటి 30 కూడా మొత్తంలో మూడొంతులే అనుకోవాలి; అంటే మొత్తం సుమారు 40 ఉన్నట్టు. రెండు విడతలకూ మధ్య ఎక్కువ కాలం ఉండకూడదు. ఈలోపు కొన్ని చచ్చినా, కొత్తవి వచ్చినా లెక్క చెదురుతుంది.

వసంతంలో మగ కాపర్‌కేలీలు చేరి కూసే చోట్ల కాపుకాసి లెక్కిస్తే ఆడవి చాలా తప్పిపోతాయి. రెట్టలు వాటినీ పట్టిస్తాయి. ఈ పద్ధతి మీద నాకు గురి కుదిరింది అందుకే.

తెల్లటి భాగం మాత్రం తీసుకోవద్దు, అందులోని యూరిక్ ఆమ్లం పీసీఆర్‌ను (ల్యాబులో డీఎన్ఏకు నకళ్ళు తీసి పెంచే పద్ధతిని) అడ్డుకుంటుంది. పేగు కణాలు అంటుకుని ఉండే పైపొర గీకి, తేమ పీల్చే సిలికా జెల్‌లో ఆరబెట్టు. ఒక్కో శాంపిల్‌ను పలుమార్లు నడపాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు రూపాల్లో (అల్లీళ్ళలో) ఒకటి పడకపోతే ఒకే పక్షి రెండుగా కనబడుతుంది.

సిద్ధవటం వాసి: ఆల్ప్స్‌లో మంచు మీద పడిన రెట్ట కంటికి ఆనుతుంది, చలికి డీఎన్ఏ నిలుస్తుంది. మన లంకమల కొండల కింద రాళ్ళు కాలిపోతుంటాయి. పైగా ఇది రాత్రి తిరిగే పక్షి, ఉన్నవే బహు కొద్ది. రెండో విడతలో పాతది ఒక్కటీ దొరక్కపోతే లెక్క ఎలా కడతారు? తీతువు రెట్టను దీని రెట్ట అనుకునే ప్రమాదమూ ఉంది, ముందు జాతి తేల్చాలి. ఇదివరకు పొదల మధ్య మట్టి చదునుచేసి పాదముద్రలు చూసేవారు. అలాంటి చోట తెల్లారకముందే వెతికితే తాజావి దొరకొచ్చు. అటవీశాఖ అనుమతి లేకుండా ఈక కూడా ముట్టుకోకు బాబూ.

అనంతపురం ల్యాబ్: నిజమే అన్నా. తమ్ముడూ, ముందు నాటుకోళ్ళ రెట్టల్ని మీ ఊరి ఎండలో పెట్టి, రోజూ కొన్ని తీసి పరీక్షించు. డీఎన్ఏ ఎన్నాళ్ళు నిలుస్తుందో తేలితే, అడవిలో ఎంత పాతవి ఏరాలో తెలుస్తుంది. ఎమ్మెస్సీకి ఆ పని చాలు.

బద్వేలు జువాలజీ: ఇది చేయగలను అన్నా, ఇంట్లో కోళ్ళున్నాయి. నీడలో కొన్ని, ఎండలో కొన్ని పెడతా. ఒక్కో రోజుకు ఎన్ని శాంపిళ్ళు తీయమంటారు?