మాస్టారు కక్ష అన్నారా, కక్ష్య అన్నారా?

పర్లాకిమిడి నుంచి:
మా పాపది ఒడియా మీడియం. నిన్న రాత్రి సైన్సు పాఠం పైకి చదువుతూ ‘కక్షపథ, కక్షపథ’ అని నాలుగైదుసార్లు అంది. అప్పట్నుంచి ఎనిమిదో తరగతిలో మా తెలుగు మాస్టారు చెప్పిన మాట ఒకటి నన్ను వదలడం లేదు. “తన చుట్టూ తాను తిరిగితే భ్రమణం, కన్నతండ్రి చుట్టూ తిరిగితే పరిభ్రమణం, తిరిగిన బాట...” ఆ తర్వాత కక్షా, కక్ష్యా? బోర్డు కళ్లకు కట్టినట్టే ఉంది. ఆ అక్షరం దగ్గర సుద్దముక్క విరిగి కింద ఓ వంకర గీత పడింది. అది యవత్తో, విరిగిన సుద్ద గీతో తేల్చుకోలేకపోతున్నాను.

బరంపురం నుంచి:
కక్ష్యే, సందేహం వద్దు. తెలుగులో కక్ష అంటే పగ. 2023 ఆగస్టు 5న చంద్రయాన్-3 చేరింది చంద్రుడి కక్ష్యలోకి. అక్కడ యవత్తు తీసేసి చదివి చూడండి, చంద్రుడికి మన మీద కోపం వచ్చినట్టుంటుంది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో కూడా కక్ష్య అంటే మేడలో ఆవరణ, మొలనూలు, ఏనుగు నడుముకు కట్టే మోకు. మూడూ చుట్టి ఉండేవే.

గుణుపురం నుంచి:
అంత గట్టిగా అనకండి గురువుగారూ. పాత జ్యోతిష గ్రంథం సూర్యసిద్ధాంతంలో చంద్రకక్ష అని యవత్తు లేకుండానే ఉంది. ఆర్యభటీయంలో కక్ష్య. రెండూ పాతవే. ఇంకో సంగతి. ఆర్యభటుడు గ్రహాలు కక్ష్యల్లో ‘భ్రమంతి’ అన్నాడు, పరి లేదు. తన చుట్టూ తిరిగితే భ్రమణం, ఇంకొకరి చుట్టూ తిరిగితే పరిభ్రమణం అనే ఈ గట్టు మన పాఠ్యపుస్తకాలు వేసింది. మంచి గట్టే, కాదనను.

రాయగడ నుంచి:
ఒడియాలో శ్రేణీకక్ష అంటే తరగతి గది. బరంపురం మాస్టారు చెప్పిన ఆవరణ అర్థం అక్కడ యవత్తు లేకుండానే బతుకుతోంది. ఇక ఒడిశాలో ఉండి ఈ మాట ఎత్తాక ఒడియా ఖగోళవేత్త పఠాణి సామంతుణ్ణి తలచుకోకపోతే ఎలా? ఖండపడాలో కూర్చుని వెదురుతో చేసుకున్న మానయంత్రం అనే కొలత పరికరంతో ఆకాశం కొలిచాడు. ఆయన లెక్కలో ఐదు గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి, ఆ సూర్యుడు వాటన్నిటినీ వెంటబెట్టుకుని భూమి చుట్టూ తిరుగుతాడు. ఆయన గ్రంథం సిద్ధాంతదర్పణం 1899లో అచ్చయింది. తాటాకుల మీద సంస్కృతాన్ని ఒడియా లిపిలో రాసుకున్న మనిషి.

బరంపురం నుంచి:
సామంతుడికి దండం. కానీ తెలుగువాడికి మొలనూలు అనగానే పోతన గుర్తురావాలి. వామనుడు పెరుగుతుంటే సూర్యబింబం మొదట గొడుగు, తర్వాత శిరోరత్నం, చెవిపోగు, కంఠహారం, భుజకీర్తి, కంకణం, ఆపైన నడుముకు గంట. మొలనూలే కక్ష్య, దానికి వేలాడే గంట సూర్యుడు! పోతన ఆ పద్యం రాస్తుంటే ఈ అర్థం మనసులో మెదిలి ఉంటుందని నా నమ్మకం.

గుణుపురం నుంచి:
పద్యం నాకూ ప్రాణమే. కానీ అక్కడ సూర్యుడు కదలడండీ, పెరిగేది వటువు. సూర్యుడు ఉన్నచోటే ఉంటే ఒళ్లు పైకి పోతుంది. చివరికి అందె, పాదపీఠం. తిరుగుడే లేనిచోట కక్ష్య ఎక్కడిది?

పర్లాకిమిడి నుంచి:
మాస్టారు పరిభ్రమణాన్ని ప్రదక్షిణ అని కూడా అనేవారు. ముఖలింగం గుడి చుట్టూ తిరిగినట్టేరా అని.

రాయగడ నుంచి:
అక్కడ మాత్రం ఒప్పుకోను అన్నయ్యా. ప్రదక్షిణలో దేవుడు మన కుడిచేతి వైపు ఉంటాడు. ఉత్తర ధ్రువం పైనుంచి చూస్తే భూమి సూర్యుణ్ణి ఎడమచేతి వైపు పెట్టుకుని తిరుగుతుంది. అది అప్రదక్షిణం. చంద్రుడూ అంతే. పైగా చంద్రుడు తన చుట్టూ తిరగడానికీ మన చుట్టూ తిరగడానికీ పట్టేది ఒకటే కాలం, 27.3 రోజులు. అందుకే మనకెప్పుడూ ఒకే మొహం కనిపిస్తుంది.

పర్లాకిమిడి నుంచి:
అది మాస్టారు చేసి చూపించారు! కుర్చీ మధ్యలో పెట్టి, దాని మీంచి చూపు తిప్పకుండా అడ్డడుగులు వేస్తూ చుట్టూ తిరిగారు. ఒక చుట్టు అయ్యేసరికి నాలుగు గోడలనీ చూశారు. అప్పుడర్థమైంది, తనూ ఒక చుట్టు తిరిగారని. పంచె కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని తిరగడం ఇప్పటికీ కనిపిస్తోంది. ఆ మాటే గుర్తులేదు.
మధ్యాహ్నం ఆనాటి స్నేహితుడికి ఫోన్ చేశాను. వాక్యం మొత్తం గడగడా అప్పజెప్పి “తిరిగిన బాట కక్ష” అన్నాడు. కానీ వాడు ముఖ్యాన్ని ముక్కెం అనే మనిషి, సత్యం వాడి నోట సత్తెమే.

గుణుపురం నుంచి:
నోట పలికిందే భాష అని గిడుగువారు పోరాడింది మీ ఊళ్లో ఉండే కదండీ. వాడి కక్ష చెల్లుతుంది.

బరంపురం నుంచి:
సత్తెం అన్నవాడి నోట కక్ష వచ్చిందంటే అసలు మాట కక్ష్య అయి ఉండాలి. మాస్టారి సుద్దగీత యవత్తే. ఆ స్నేహితుడి దగ్గర అప్పటి నోటుపుస్తకం ఉందేమో అడగండి.

పర్లాకిమిడి నుంచి:
అడిగాను. అటక మీద పెట్టె ఒకటి ఉందట, దసరాకి ఇంటికెళ్లినప్పుడు దించుతానన్నాడు.