అప్‌డేట్: 'అల' అన్నప్పుడల్లా అలే చూపించాలా?

పోయినసారి అడిగింది ఇది: వైజాగ్‌లో తీసిన మా రాక్ పాట పల్లవిలో 'అల' అన్న ప్రతిసారీ తెర మీద అలే వేస్తే వీడియో ఎందుకు చప్పగా ఉంటోంది? మీ సలహాలతో మళ్లీ ఎడిట్ చేశాక తేలినవి రాస్తున్నా.

మాటా బొమ్మా ఒకేసారి ఒకే సంగతి చెప్తే రెండిట్లో ఒకటి దండగ. మొదటి పల్లవిలో అలలు తీసేసి, ఫిషింగ్ హార్బర్‌లో పడవకి కట్టిన తాడు పెట్టాం. బిగుసుకుంటుంది, పిండినట్టు నీళ్లు కారతాయి, మళ్లీ వదులవుతుంది. అల కనబడదు, దాని లాగుడు కనబడుతుంది. అసలు అల చివర్లో ఒక్కసారే, గొంతు ఆగి గిటార్ ఒక్కటే మోగే చోట.

పాట నిమిషానికి 120 బీట్లు, అంటే బీట్‌కి అర సెకను. సెకనుకి 24 ఫ్రేములు (బొమ్మలు) ఆడే ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో బీట్‌కి సరిగ్గా 12 ఫ్రేములు. 25లో అయితే పన్నెండున్నర, బీట్ విడిచి బీట్‌కి కట్ (షాట్ మారే చోటు) అర ఫ్రేము పక్కకి పోతుంది.

స్లో మోషన్ షాట్లలో పెదాలు పాటతో కలవనిది ఇందుకు: 48 ఫ్రేములతో తీసి 24లో ఆడిస్తే కదలిక వేగం సగమవుతుంది. కాబట్టి షూటింగ్‌లో పాటని రెట్టింపు వేగంతో వినిపించి పాడించాలి. 60తో తీస్తే రెండున్నర రెట్లు, అంత వేగానికి నోరు తిరగదు. మామూలు వేగంతో పాడించిన షాట్లన్నీ బుట్టదాఖలు.

ఇంకోటి. ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రం వైపు నుంచే లేస్తాడు, పొద్దున్నే అటు కెమెరా తిప్పితే మొహం నల్లబడుతుంది. తప్పనుకున్న ఆ షాటే 'నేనెవరో నాకే తెలీదు' అన్న చరణానికి అతికింది.