షుగరు మందుల కాగితం రాసేటప్పుడు రోగులను కూర్చోబెట్టుకోవాలా, వద్దా?

ఆమదాలవలస కోడలు:

మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. తెలుగు చక్కగా చదువుతారు. ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు మాత్రం వస్తాయి. మొన్న మాఘమాసంలో డాక్టరు గారు ఆమెకు మాత్ర మార్చారు. పాత మాత్ర పేరు చివర 1 అని ఉండేది, కొత్తదాని చివర 2 అని ఉంది. ఆ 2 అంటే మాత్రలో గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు ఉందని అర్థం, దానితో పాటు మెట్‌ఫార్మిన్ 500 ఉంటుంది. అత్తగారు ఆ అట్ట మీద చదవగలిగింది ఆ అంకె ఒక్కటే. పాతది 1 కాబట్టి ఇన్నాళ్లూ రోజుకు ఒకటి వేసుకున్నానని, కొత్తది 2 కాబట్టి రెండు వేసుకోవాలని అనుకున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం బియ్యం చెరుగుతూ చేట పక్కన పెట్టి గోడకు చేరగిలబడ్డారు. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. చేట అంచు మీద ఉన్న చేతివేళ్లు వణుకుతున్నాయి. "ఏమైంది అత్తయ్యా?" అంటే నా పేరు గుర్తుకురాక తడుముకున్నారు. గ్లూకోమీటరులో 48. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత చూస్తే 83 వచ్చింది. ఆ పావుగంట నేను ఎలా కూర్చున్నానో నాకే తెలియదు.

తర్వాత అడిగితే ఆమె అన్న మాట: "నేను చదివే వేసుకున్నాను కదమ్మా." నిజమే, చదివే వేసుకున్నారు.

ఇప్పుడు మా ఊళ్లో కొందరం కలిసి, ఎక్కువ మంది వాడే షుగరు మందులు ఒక్కొక్కదానికి తెలుగులో ఒక్క పేజీ కాగితం తయారు చేద్దామనుకుంటున్నాం. మాతో ఉన్న ఒక విశ్రాంత ప్రభుత్వ డాక్టరు గారు "నేను రాస్తాను, తర్వాత రోగులకు పంచుదాం" అంటున్నారు. మొదటి వాక్యం రాసేటప్పుడే రోగులు పక్కన ఉండాలని నేను అంటున్నాను. మీరేమంటారు?

రాజాం మందుల షాపు:

అత్తగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. కానీ అమ్మా, మీ మాటతో నేను ఏకీభవించను. పాతికేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మందు సమాచారం పదిమంది కూర్చుని తీర్మానించేది కాదు. అట్ట మీద ఏముండాలో 1945 నాటి ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ కూడా వచ్చింది. సమాచారం లేక కాదు ఇబ్బంది.

నా భయం వేరు. రోగులను అడిగితే మొదట తీసేయమనేది హెచ్చరికలనే. మెట్‌ఫార్మిన్ వల్ల ఎప్పుడో అరుదుగా రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అరుదే గానీ ప్రాణం మీదికి వస్తుంది. ఆ వాక్యం చూస్తే భయమేస్తోందని, తీసేయమని అంటారు. వారి మాట విని తీసేశాక ఎవరికైనా ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరు? కాగితం మీద సంతకం ఎవరిది?

ఉద్దానం సిస్టరు, విశ్రాంతి:

రాజాం వారూ, మీ భయం నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లు కవిటి, సోంపేట వైపు ఊళ్లలో నర్సుగా తిరిగాను. ఇక్కడి కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. షుగరు, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. అలాంటి చోట షుగరు కూడా ఉన్న మనిషి చేతిలో మెట్‌ఫార్మిన్ పెడుతున్నాం. కిడ్నీల వడపోతను కొలిచే ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే ఆ మందు వాడకూడదు. 45 కన్నా తగ్గినా డాక్టరు మళ్లీ ఆలోచించాలి, మోతాదు తగ్గించాలి.

తెలుగులోకి మార్చిన ఒక కాగితంలో "మూత్రపిండ వైఫల్యం గలవారు వాడరాదు" అని ఉంది. దాన్ని ఒక జీడితోట కూలీకి చదివి వినిపించాను. "వైఫల్యం అంటే డయాలసిస్ వాళ్లే కదా సిస్టరు గారూ, నాకు క్రియాటినిన్ కొంచెం ఎక్కువ, అంతే" అన్నాడు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది. ఆ వాక్యం తనకోసమే రాశారని అతనికి తట్టనేలేదు. మా ఊళ్లలో చదువురాని ముసలమ్మ కూడా తన క్రియాటినిన్ ఎంతో చెబుతుంది. ఇక్కడ అది ఇంట్లో మాట. "మీ క్రియాటినిన్ పెరిగిందని ఎవరైనా చెప్పి ఉంటే, ఈ మాత్ర వేసుకునే ముందు డాక్టరుకు చెప్పండి" అని రాస్తే అతను ఆగుతాడు. ఈ సలహా ఏ పుస్తకంలోనూ దొరకదు, అతన్ని అడిగితేనే దొరికింది. అతను హెచ్చరిక తీసేయమనలేదు, అది తనకు తగిలేలా రాయించాడు.

ఇంకో మాట. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం జిల్లాలోదే. ఆ గడ్డ మీద ఉండి రోగి చేతికి "వాడరాదు, గలవారు" అన్న కాగితం ఇవ్వడం నాకు కష్టంగా ఉంటుంది.

కోట జంక్షన్ డాక్టరు, విజయనగరం:

సిస్టరు గారి అనుభవానికి నమస్కారం. నా అభ్యంతరాలు రెండున్నాయి, రెండూ మనసారా చెబుతున్నవే.

రోగులను పిలిస్తే ఎవరు వస్తారు? పింఛను తీసుకునే మాస్టార్లు, బ్యాంకులో పనిచేసి దిగినవారు, మంచి ఫోను ఉన్నవారు. వారు చెప్పిందే రోగుల మాట అయిపోతుంది. ఉదయం నాలుగుకు లేచే నాట్ల కూలీ ఆ సమావేశానికి రాదు, వస్తే ఆ రోజు కూలి పోతుంది. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత విజయనగరం జిల్లాలో సుమారు 59 శాతం, శ్రీకాకుళంలో సుమారు 62. అంటే పదిమందిలో నలుగురికి మీరు ఎంత బాగా రాసినా అది కాగితమే. నోటితో చెప్పి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఎలా వేసుకుంటారు?" అని తిరిగి చెప్పించుకోవడం మేలని నా నమ్మకం. రోజూ ఓపీలో అందరి దగ్గరా అది చేయలేకపోతున్నానన్న బాధ నాకుంది.

ఇక రెండోది. ఒకే మాత్ర ఇద్దరికి ఒకేలా పనిచేయదు. నా గది బయట బల్ల మీద కూర్చుని ఒకాయన "షుగరు నార్మల్ వచ్చాక మాత్ర మానేశాను, ఏమీ కాలేదు" అని చెప్పడం నా చెవులతో విన్నాను. ఆ వారమే ఇద్దరు మానేశారు. రోగి అనుభవానికి అచ్చు కాగితం బలం చేకూరిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

పొందూరు మగ్గం:

నేను రోగిని. పద్నాలుగేళ్ల షుగరు, మూడేళ్ల ఇన్సులిన్. ఇంతవరకు మాట్లాడినవారిలో రోగి ఒక్కరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

మా ఇంట్లో ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు, నేను సన్న నూలు నేస్తాను. 40, 100 అంటే మాకు నూలు కౌంటు. ఇన్సులిన్ సీసా మీద 40 అని, సిరంజి మీద 100 అని కనిపిస్తే నాకు తోచిందేమిటంటే, సీసా ఒక రకం, సిరంజి ఇంకా సన్నరకం అని. నిజంగా అలాగే అనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ అంకె ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ ఉందో చెబుతుంది. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ రంగు మూత సిరంజి. ఒకసారి ఎర్ర మూతవి లేవని షాపులో నారింజ మూతవి ఇచ్చారు. రోజూలాగే 20 గీత దాకా లాగాను. అందులో నా ఒంట్లోకి వెళ్లింది 8 యూనిట్లే. తొమ్మిది రోజులు షుగరు మూడు వందల కిందికి దిగలేదు. డాక్టరు గారు డోసు పెంచారు. మళ్లీ ఎర్ర మూత సిరంజి దొరికిన రోజున, ఆ పెంచిన డోసు ఎక్కించుకోబోతుంటే మా అబ్బాయి రెండు సిరంజిలు పక్కపక్కన పెట్టి చూశాడు. గీతలు వేరుగా ఉన్నాయన్నాడు. ఆ పూట వాడు ఇంట్లో లేకపోతే ఏమయ్యేదో.

డాక్టరు గారూ, నేను మందు గుణం చెప్పడానికి రావడం లేదు. ఎక్కడ జారిపడ్డానో చెప్పడానికి వస్తాను. ఆ గుంట మీకు కనిపించదు, ఎందుకంటే మీరు ఆ దారిన నడవలేదు. ఇన్సులిన్ కాగితం మీద నేనైతే అన్నిటికన్నా పైన ఈ మాట రాస్తాను: "సీసా మీద 40 ఉంటే సిరంజి మూత ఎర్రగా ఉండాలి. వేరే రంగు ఇస్తే తీసుకోకండి."

ప్రజారోగ్యం విద్యార్థిని, విజయనగరం:

పొందూరు వారి మాటకు నేను చదువుకున్నది తోడు చేస్తాను. ఐరోపా సమాఖ్యలో మందుల పెట్టెలోని కాగితాన్ని ఆ మందు వాడే రకం మనుషుల చేత చదివించి చూడాలని 2004లో చట్టం సవరించారు. వాళ్లను "మీకు నచ్చిందా?" అని అడగరు. పదిమందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి, "రాత్రి మాత్ర మరచిపోయారు, ఏం చేస్తారు?" అంటారు. సమాధానం ఎక్కడుందో వెతకాలి, సొంత మాటల్లో చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం మారుస్తారు. మళ్లీ పదిమంది. దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లు దాటారని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. అంతమందినీ అడగనక్కర్లేదు, పదేసి మందితోనే పెద్ద తప్పులు బయటపడతాయి. మందు నిజాలు మాత్రం ఎవరి ఓటుతోనూ మారవు, అవి డాక్టరువే. రాజాం వారి భయానికి ఇది సమాధానమనుకుంటాను.

తిరిగి చెప్పించుకోవడం గురించి ఒక విషయం. 2006లో అమెరికాలో 395 మంది రోగులతో చేసిన పరిశీలనలో, చదువు తక్కువగా ఉన్నవారిలో సుమారు 71 శాతం "రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు" అన్నదాన్ని సరిగ్గానే తిరిగి చెప్పారు. రోజుకు ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపించమంటే చూపించగలిగినవారు 35 శాతమే. నోటితో చెప్పించుకుంటే చాలదు డాక్టరు గారూ, చేతితో చేయించి చూడాలి.

ఆమదాలవలస కోడలు:

అందరికీ ధన్యవాదాలు. డాక్టరు గారు అన్న నాట్ల కూలీ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే సమావేశం ఆలోచన మానేశాం. ఆదివారం చీకటితోనే విశ్రాంత డాక్టరు గారిని వెంటబెట్టుకుని, పనికి బయలుదేరే ఆడవాళ్లు ఆగే రావిచెట్టు అరుగు దగ్గరికే వెళ్లాం. ఆరుగురు దొరికారు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసిన మాత్రకు డాక్టరు గారు రాసిన కాగితం చదివి వినిపించాం. "ఉదయం టిఫినుకు ముందు" అన్న మాట దగ్గర ఒకామె ఆపింది.

"టిఫిను మేము తినం బాబూ. నాలుగున్నరకు చోడి అంబలి తాగి వెళ్తాం, పదకొండుకు అన్నం. దేనికి ముందు?"

డాక్టరు గారు చాలాసేపు మాట్లాడలేదు. అంబలి ఎంత తాగుతుంది, ఒక్కోరోజు తాగకుండా వెళ్తుందా, అన్నం ఆలస్యమవుతుందా, ఒంటరిగా పని చేస్తుందా, అన్నీ అడిగారు. ఈ మాత్ర రోజులో మొదటి పెద్ద భోజనంతో వేసుకోవాలి, వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న తనను ఎవరూ అడగలేదని, తానూ ఎవరినీ అడగలేదని అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది. కాగితంలో టిఫిను తీసేసి ఖాళీ గీత పెట్టారు: "మీ మొదటి పెద్ద భోజనం ఎన్ని గంటలకు? ______ మాత్ర దానితోనే." ఆ ఖాళీ ప్రతి రోగికీ డాక్టరే అడిగి నింపాలి. కోట జంక్షన్ డాక్టరు గారూ, ఒకే కాగితం అందరికీ సరిపోదన్న మీ అభ్యంతరానికి ఈ గీత కొంతైనా సమాధానం అవుతుందేమో చూడండి.

కార్తీక సోమవారాలు, నాగుల చవితి ఉపవాసాల మాట కూడా వాళ్లే ఎత్తారు. "ఉపవాసం ఉండే రోజుకు ముందే డాక్టరును అడగండి" అని చేర్చాం. లాక్టిక్ ఆమ్లం హెచ్చరికను ఎవరూ తీసేయమనలేదు. అది జరిగితే ఒంట్లో ఎలా తెలుస్తుందో చెప్పమన్నారు. వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసం అని రాశాం.

కోట జంక్షన్ డాక్టరు, విజయనగరం:

ఖాళీ గీత బాగుంది. దాన్ని నింపే తీరిక నాలాంటివారికి ఎక్కడిదన్న ప్రశ్న అలాగే ఉంది, అది మీ కాగితం తీర్చలేదు. అయినా ఇరవై పంపండి. నా నర్సు చేత నింపించి, నేను చూసి సంతకం పెడతాను.

రాజాం మందుల షాపు:

నాకూ పంపండి. గీత నింపని కాగితంతో ఎవరైనా వస్తే, మాత్రలు ఇచ్చే ముందు నేనే అడుగుతాను. పేరు చివరి అంకె సంగతి మాత్రం తేల్చండి. నా కౌంటరు దగ్గర ఆ పొరపాటు ఎంతమంది చేసి ఉంటారో అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను.

ఆమదాలవలస కోడలు:

అంకె దగ్గరే మా ఇంట్లో గొడవ నడుస్తోంది. మందు పేరు అన్నిటికన్నా పైన ఉండాలని డాక్టరు గారి పట్టు. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఆమె చెబుతుంటే రాస్తున్నాను:

"పేరు నేను చదవలేను. చదవలేనిదాన్ని పైన పెట్టి ఏం లాభం? పైన పెద్ద అక్షరాలతో 'రోజుకు ఒక్కటే' అని రాయండి. దాని కింద పేరు. పేరు పక్కన 2 కనిపిస్తే, అది మాత్ర బలం, మాత్రల లెక్క కాదని రాయండి. అట్ట మీద కూడా ఒక తెల్ల కాగితం ముక్క అంటించి అదే మాట రాయండి. నేను చీటీ చూడను, అట్ట చూస్తాను."