ఆస్ట్రేలియాలో ఆదివాసుల ‘వాయిస్’ ఓడిపోతే సమానత్వం గెలిచినట్టేనా?

యారాతీరం:
2023 అక్టోబర్ 14న ఇక్కడ రెఫరెండం జరిగింది. ఆదివాసులు, టోరెస్ స్ట్రెయిట్ దీవుల వాళ్లు పార్లమెంటుకూ ప్రభుత్వానికీ తమ మాట చెప్పుకోవడానికి ‘వాయిస్’ అనే సలహా సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా వద్దా అన్నది ప్రశ్న. సుమారు 60 శాతం మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు. కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతం మాత్రమే సరేనంది.

నేనూ బ్యాలెట్ మీద ‘నో’ అనే రాశాను, దానికి కట్టుబడి ఉన్నాను. వలస వచ్చి, ప్రమాణం చేసి ఈ దేశ పౌరుడినయ్యాను. నాకూ ఒక ఓటే, ఇక్కడ అయిదు తరాలుగా ఉన్నవాడికీ ఒక ఓటే. అది నాకు చాలా విలువైన విషయం. పుట్టుకను బట్టి ఒక వర్గానికి రాజ్యాంగంలో విడిగా చోటిస్తే ఆ సమానత్వానికి బీట పడుతుంది. సాయం అవసరాన్ని బట్టి చేయాలి. పైగా 2022 ఎన్నికల తర్వాత ఫెడరల్ పార్లమెంటులో 11 మంది ఆదివాసీ సభ్యులుండేవారు, జనాభాలో వాళ్ల వాటా కంటే ఎక్కువే. ఇంకో సంఘం ఎందుకు? మన తెలుగువాళ్లు దీన్ని ఎలా చూస్తున్నారో చెప్పండి.

కొండవాగు:
యారాతీరం గారూ, మీ మాటలో నిజాయితీ ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

పుట్టుకను బట్టి తేడా ఉండకూడదంటున్నారు. ఆస్ట్రేలియా రాజ్యాంగం 51వ సెక్షన్ 26వ క్లాజు ఒకసారి చూడండి. ఏ జాతి వాళ్లకైనా ప్రత్యేక చట్టాలు అవసరమనుకుంటే చేసే అధికారం పార్లమెంటుకు అక్కడే ఉంది. 1901లో ఆదివాసులను దాన్నుంచి మినహాయించి రాష్ట్రాల చేతికి వదిలేశారు. 1967 రెఫరెండంలో 90 శాతానికి పైగా ఓటర్లు ఆ మినహాయింపును తీసేశారు. ఆదివాసుల భూమి హక్కును గుర్తించిన మాబో తీర్పు తర్వాత వచ్చిన 1993 నేటివ్ టైటిల్ చట్టం కోర్టులో నిలబడింది కూడా ఈ క్లాజు మీదే. మీ ‘నో’ ఓటుతో ఈ క్లాజు రద్దు కాలేదు. వాళ్ల కోసం, వాళ్ల మీద విడిగా చట్టాలు చేసే అధికారం అలాగే ఉంది. చేసే ముందు వాళ్లు చెప్పేది వినే ఏర్పాటే లేకుండా పోయింది.

వినకపోతే ఏమవుతుందో 2007లో చూశాం. నార్తర్న్ టెరిటరీలో పిల్లల మీద లైంగిక హింస గురించి విచారణ నివేదిక వచ్చింది. ఏ కార్యక్రమమైనా ఆదివాసులతో నిజంగా సంప్రదించి రూపొందించాలన్నది దాని మొట్టమొదటి సిఫారసు. కేంద్రం మాత్రం జూన్‌లో ప్రకటన చేసింది, రోజుల్లోనే సైన్యాన్ని దింపింది, ఆగస్టుకల్లా చట్టం చేసేసింది. ఊళ్లలోకి వెళ్లే దారుల్లో పెద్ద పెద్ద నీలం బోర్డులు పాతారు: ఇక్కడ మద్యం, అశ్లీల చిత్రాలు నిషేధం అని. జీవితంలో చుక్క ముట్టని ముసలమ్మ కూడా ఆ బోర్డు పక్కనుంచే ఇంటికి వెళ్లాలి. సంక్షేమ డబ్బులో సగం పట్టి ఉంచి, తిండికీ బట్టలకీ అద్దెకీ తప్ప వాడుకోకుండా చేశారు. తాగుతావా, పిల్లల్ని సరిగ్గా చూసుకుంటావా అని ఎవరూ అడగలేదు. ఏ ఊళ్లో ఉంటున్నావన్నదే లెక్క. ఇదంతా నడవడానికి 1975 నాటి జాతి వివక్ష నిషేధ చట్టాన్నే అక్కడ పక్కన పెట్టారు. అందరినీ ఒకేలా చూడాలనే చట్టం వాళ్లకు అండగా నిలవాల్సిన రోజునే పనిచేయకుండా పోయింది.

ఎంపీల సంగతికొస్తే, జెసింటా ప్రైస్ ‘నో’ వైపు, లిండా బర్నీ ‘ఎస్’ వైపు నిలబడ్డారు. ఇద్దరూ ఆదివాసులే. ఎంపీ తన పార్టీకీ, తనకు ఓటేసిన అందరికీ జవాబు చెప్పాలి. మన ఎస్టీ నియోజకవర్గాల ఎమ్మెల్యేలు పార్టీ విప్ దాటి ఎన్నిసార్లు మాట్లాడగలిగారో మనకు తెలియనిది కాదు. జనాభాలో 4 శాతం కూడా లేని వాళ్లు ఏ ఎన్నికనూ సొంతంగా మలుపు తిప్పలేరు. జైళ్లలో మాత్రం దాదాపు మూడో వంతు వాళ్లే.

ఎర్రమట్టి:
నాది మూడో దారి. ‘వాయిస్’ అంటే సలహా మాత్రమే. వినాలా వద్దా అన్నది మళ్లీ పార్లమెంటు ఇష్టమే. అందుకే సెనేటర్ లిడియా థోర్ప్ లాంటి వాళ్లు ముందు ఆదివాసులతో ప్రభుత్వం ఒప్పందం చేసుకోవాలంటూ దీన్ని వ్యతిరేకించారు. న్యూజిలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీలకూ బ్రిటిష్ రాజ్యానికీ మధ్య 1840 నాటి వైతాంగి ఒప్పందం ఉంది, 1867 నుంచి మావోరీలకు పార్లమెంటులో సీట్లున్నాయి. ఆస్ట్రేలియా దేశంగా ఏ ఆదివాసీ జాతితోనూ అలాంటి ఒప్పందం చేసుకోలేదు.

మన దగ్గరే చూడండి. ఐదో షెడ్యూల్ కింద గిరిజన సలహా మండలి ఉండాలని రాజ్యాంగంలో రాసి ఉంది. పాడేరులోనో ఉట్నూరులోనో దాని పేరు విన్నవాళ్లెందరు?

కొండవాగు:
మంచి ఉదాహరణ తెచ్చారు. ఆ మండలిలో 20 మంది దాకా ఉంటారు, అందులో నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. గవర్నర్ పంపిన విషయాల మీద మాత్రమే సలహా ఇవ్వాలి. అడిగితేనే నోరు విప్పాలి. ‘వాయిస్’ ప్రతిపాదనలో ఎవరూ అడగకపోయినా తనంతట తానే పార్లమెంటు ముందు, ప్రభుత్వం ముందు విన్నపం పెట్టే వీలుంది. ఇది చిన్న తేడా కాదు.

అయినా మన మండలిని తీసిపారేయలేను. ఏజెన్సీలో భూమి చేతులు మారడం మీద గవర్నర్ కొత్త రెగ్యులేషన్ తేవాలంటే ముందు ఆ మండలిని సంప్రదించి తీరాలి. అది రాజ్యాంగంలో ఉంది కాబట్టి ప్రభుత్వాలు మారినా చెక్కు చెదరలేదు. ఆస్ట్రేలియాలో 1990లో అట్‌సిక్ అనే ఆదివాసీ కమిషన్ మొదలైంది, దాని ప్రతినిధులను ఆదివాసులే ఎన్నుకునేవారు. అందులో లోపాలున్నాయి, నాయకత్వం మీద ఆరోపణలూ వచ్చాయి. కానీ సరిచేయలేదు, 2005లో పార్లమెంటు మూసేసింది. మామూలు చట్టంతో పెట్టినదాన్ని మామూలు చట్టంతోనే తీసేయొచ్చు. 2017లో ఆదివాసీ ప్రతినిధులు చేసిన ఉలూరు ప్రకటనలో రాజ్యాంగంలోనే చోటు అడిగింది ఈ అనుభవం వల్లే. ఒప్పందం ప్రక్రియకు దారి వేయాలని కూడా ఆ ప్రకటనే కోరింది. ఒకటి అడిగితే రెండోది పోతుందని నేననుకోను.

యారాతీరం:
2007 గురించి మీరు చెప్పింది అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ దానికి మందు వివక్ష నిషేధ చట్టాన్ని ఎవరూ పక్కన పెట్టలేకుండా చేయడం, కొత్త సంఘం కాదు. సౌత్ ఆస్ట్రేలియా తన సొంత చట్టంతో రాష్ట్ర స్థాయి వాయిస్ పెట్టి 2024 మార్చిలో ఎన్నికలు జరిపింది. ఓటేసిన ఆదివాసులు చాలా తక్కువ. వాళ్లకే నమ్మకం లేనప్పుడు దేశమంతటి మీదా రుద్దడం ఎందుకు?

కొండవాగు:
అక్కడ ఓటు తప్పనిసరి కాదు, పైగా అది రెఫరెండం ఓడిన అయిదు నెలలకే జరిగింది. ఆ లెక్క ఒక్కటే తీసుకుని తీర్పు ఇవ్వకండి. రెఫరెండం రోజున ఆదివాసులు ఎక్కువగా ఉండే టివి (Tiwi) దీవుల్లోనూ, ఉత్తరాన మారుమూల ఆదివాసీ ఊళ్లలోనూ పోలింగ్ బృందాల దగ్గర పడిన ఓట్లు చూడండి. భారీగా ‘ఎస్’.

వివక్ష నిషేధ చట్టాన్ని కదపకుండా చేయాలన్నారు, నేను పూర్తిగా మీతోనే ఉన్నాను. అదీ రాజ్యాంగంలో పెడితేనే నిలుస్తుంది, దానికీ రెఫరెండమే కావాలి. ఆ రోజు వస్తే ఏం రాస్తారో మీ తెలుగు అసోసియేషన్‌లో ఇప్పుడే చర్చ పెట్టండి. ఆ చర్చకు అక్కడి ఆదివాసీ పెద్దలను పిలిచి ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.