చిరిగిన కాలరు ముందా, విరిగిన కళ్లద్దాలు ముందా?

చర్చకు పెట్టినవారు: ఇద్దరు పిల్లల తల్లి

మా పెద్దవాడికి తొమ్మిదేళ్లు. పోయిన వారం బడి నుంచి కాలరు చిరిగిన చొక్కాతో, మోకాళ్ల నిండా మట్టితో వచ్చాడు. "ఇదేం అవతారంరా, దారిలో ఎంతమంది చూశారో" అని కసురుకుని, ముఖం కడిగించి, చొక్కా మార్పించి, తల దువ్వాను. తోటి పిల్లవాణ్ణి తోసేసి అతని కళ్లద్దాలు విరగ్గొట్టాడన్న సంగతి, అరగంట తర్వాత ఆ పిల్లవాడి తల్లి ఫోను చేస్తే గానీ నాకు తెలియలేదు. అప్పటికి మావాడు శుభ్రంగా తయారై, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉన్నాడు. పిల్లలు ఎలా కనిపిస్తున్నారన్న ధ్యాసలో పడి, వాళ్లు ఎలాంటివాళ్లు అవుతున్నారో చూడడం మానేశానా అన్న అనుమానం అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. మా అత్తగారు మాత్రం "నలుగురిలోకి వెళ్లే పిల్లలు చూడముచ్చటగా ఉండాలి కదా" అంటారు. ఆ మాటనూ తోసిపుచ్చలేకపోతున్నాను. మీరేమంటారు?

ఉపాధ్యాయురాలు

మీ అత్తగారి మాటలో లోకజ్ఞానం ఉందండీ. 1973లో క్లిఫర్డ్, వాల్‌స్టర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఉపాధ్యాయులకు ఒకే రకమైన ప్రగతి పత్రాన్ని వేరువేరు పిల్లల ఫొటోలతో పంపి అభిప్రాయం అడిగితే, ముఖం ముచ్చటగా ఉన్న పిల్లలే ఎక్కువ తెలివైనవారని, వాళ్ల తల్లిదండ్రులకే చదువు మీద ఎక్కువ ఆసక్తి ఉంటుందని వారు అంచనా వేశారు. అంతకు చాలా ముందే, 1920లో, థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త సైన్యంలో ఇలాంటి పొరపాటునే గమనించాడు: పై అధికారులు ఒకరి శరీర దారుఢ్యానికి మంచి మార్కులు వేస్తే, తెలివికీ నాయకత్వానికీ గుణానికీ కూడా అదే ఒరవడిలో వేసుకుంటూ పోయారు. నా తరగతిలో నేనూ ఈ తప్పు చేశాను, ఒకసారి కాదు. కాబట్టి లోకం రూపాన్నే చూస్తుందని తెలిసిన తల్లి పిల్లవాడి తల దువ్వి పంపడంలో దోషమేమీ నాకు కనబడదు.

ఇద్దరు మనవరాళ్ల అమ్మమ్మ

లోకం తప్పు చేస్తుందని తెలిసిన తర్వాత ఆ తప్పుకు మన పిల్లలను అలంకరించి అప్పగించమంటారా, పంతులమ్మగారూ? దువ్విన తల ముందు మీరు మెత్తబడతారని పిల్లవాడికీ తెలిసిపోతుంది. చూడచక్కని పిల్లల అల్లరిని ముద్దుగా చెప్పుకుని, పెద్దయ్యాక అదే మొండితనమని నెత్తి కొట్టుకున్న ఇళ్లను నేను చూశాను.

గుణమే ముఖ్యమన్న తల్లి కూతురు

అమ్మమ్మగారు ఒక వైపు సంగతి చెప్పారు కనుక రెండో వైపు సంగతి నేను చెప్పాలి. మా అమ్మ అద్దం ముందు నిలబడనిచ్చేది కాదు. పొట్టైపోయిన గౌనుతో, పీచులాంటి జుట్టుతో బడికి వెళ్లి, వెక్కిరింపులు భరించలేక ఏడుస్తూ ఇంటికి వస్తే, "మనసు మంచిదైతే చాలు" అని పాఠం చెప్పేది. నా మనసు మంచిదవలేదండీ, ముడుచుకుపోయింది. చక్కగా ఉన్న ప్రతి అమ్మాయినీ లోలోపల ద్వేషించాను, అది గుణమా? పిల్ల సిగ్గుపడుతున్నదని గమనించడం కూడా ఆమె గుణాన్ని కనిపెట్టుకుని ఉండడంలో భాగమే.

ఉపాధ్యాయురాలు

అమ్మమ్మగారూ, ఒప్పుకుంటున్నాను. అయితే ఈ లోపం లోకానికే పరిమితమని మాత్రం అనుకోకండి. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, 1995లో లాంగ్లోయిస్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో, అందంగా ఉన్నారనిపించిన పసిబిడ్డల తల్లులే వాళ్లను ఎక్కువగా ముద్దుచేస్తూ ఆడిస్తూ కనిపించారు. తమకే తెలియని ఈ మొగ్గును తల్లులు ఎంత త్వరగా పసిగడితే అంత మేలు.

ఒక తండ్రి

ఒక చిన్న మాట. మాసిన బట్టలతో పిల్లవాడు వీధిలో కనిపిస్తే "వీళ్లమ్మకు పట్టదా" అంటారే గానీ, నా పేరు ఇన్నేళ్లలో ఒక్కరూ ఎత్తలేదు. పిల్లల రూపం తల్లికి తన పరువైపోయింది. పిల్లల గుణమా, అది బయటపడడానికి ఏళ్లు పడుతుంది. పరువు ఆ సాయంత్రానికే పోతుంది. ఆమె ఎంపికను తప్పుపట్టే ముందు ఆ నింద మోస్తున్నది ఎవరో చూడండి.

ఇద్దరు పిల్లల తల్లి

అందరికీ కృతజ్ఞతలు. చివరి జవాబు చదివి మా ఆయనకు వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. నిన్న మావాణ్ణి ఆ పిల్లవాడి ఇంటికి తీసుకెళ్లి క్షమాపణ చెప్పించాం, కొత్త కళ్లద్దాలకు మా ఇద్దరి చేతి ఖర్చులోంచి, వాడు దాచుకున్న డబ్బులోంచి ఇచ్చాం. దారిలో "ఆ రోజే నాతో ఎందుకు చెప్పలేదురా" అని అడిగితే, "నువ్వు చొక్కా సంగతి ఒక్కటే అడిగావమ్మా" అన్నాడు. ఇది తప్పించుకునే మాటో, నిజంగా నా మీద ఫిర్యాదో తేల్చుకోలేకపోయాను. అన్నట్టు, బయలుదేరే ముందు వాడి తల నేనే దువ్వాను. కూతురుగారూ, అక్కడ మాత్రం మీ మాటే విన్నాను.