డోపమైన్ పెరిగితే మెమరీ పెరుగుతుందా? తేల్చండి

గ్రూప్స్‌బ్యాచ్: మా హాస్టల్లో ఒక సీనియర్ దూలగొండి పొడి పాలలో కలుపుకుని తాగుతున్నాడు. అందులో ఎల్-డోపా ఉంటుందట, అది డోపమైన్ అనే మెదడు రసాయనంగా మారుతుందట, ఆ డోపమైన్ పెరిగి బుర్ర పాదరసంలా పనిచేస్తుందట. నిజమేనా?

లెక్కలమాస్టారు: ఎల్-డోపా ఉన్న మాట నిజమే, ఆ గింజల్లోంచి దాన్ని 1937లోనే మద్రాసులో విడదీశారు. 1979లో కోతులకి నుదుటి వెనక మెదడులో డోపమైన్ హరించేస్తే, ఓసారి కుడి ఓసారి ఎడమ అని గుర్తుపెట్టుకుని వెతికే ఆటలో, దాదాపు ఆ భాగమే కోసేసినంతగా తడబడ్డాయి. ఎల్-డోపా ఇస్తే తేరుకున్నాయి. మరీ తీసిపారేయకండి.

గట్టుమీదకాకి: మాస్టారూ, లోటున్న కోతికి పోస్తే బాగుపడింది, సరే. లోటు లేనివాడికి పోస్తే? 1997లో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకి, డోపమైన్‌లా పనిచేసే బ్రోమోక్రిప్టిన్ ఇచ్చి చూశారు. వర్కింగ్ మెమరీ, అదే, ఓటీపీ చూసి యాప్ మార్చి కొట్టేదాకా మనసులో పట్టి ఉంచేది, అది తక్కువున్నవాళ్ళు పరీక్షల్లో మెరుగయ్యారు, ఎక్కువున్నవాళ్ళు దిగజారారు. కూరలో ఉప్పు లెక్క.

లెక్కలమాస్టారు: అయితే ఎవరికి తక్కువో చూసి ఇవ్వొచ్చుగా? సీఓఎంటీ జీన్ టెస్టులు ఉన్నాయి.

గట్టుమీదకాకి: అదే తంటా. ఆ జీన్ నుదుటి వెనక డోపమైన్‌ని ఎంత త్వరగా చెరిపేస్తుందో నిర్ణయిస్తుంది, నిజమే, కానీ చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన 2008 విశ్లేషణలో దానికీ మెమరీ స్కోర్లకీ లంకె దాదాపు కనపడలేదు. టెస్టుకి డబ్బులు దండగ.

రాత్రిడ్యూటీ: మా నాన్నకి పార్కిన్సన్స్. మీరు ఎక్కువ తక్కువ అంటున్నారు గానీ, ఎక్కడ ఎక్కువ అనేది కూడా ఉంది. లెవోడోపా, అంటే ఆ ఎల్-డోపానే, వేసుకున్న గంటకి రమ్మీలో ఆయన చెయ్యి చురుగ్గా కదులుతుంది, ఒక సెట్టు వదిలి ఇంకోటి కట్టడంలో తడబాటు ఉండదు. కానీ ఇస్పేటు ఏడు రెండు ముక్కలూ ఆయన కళ్ళముందే కింద పడినా, అదే ఏడు కోసం ఆరూ ఎనిమిదీ పట్టుకుని కూర్చుంటాడు! ఆయన స్వభావమే అంతేమో అనుకున్నా. తర్వాత చదివితే, ఈ మందు పని మార్చుకోవడాన్ని బాగుచేసి, నిన్న గెలిపించింది ఇవాళ ఓడిస్తుంటే వదిలేయడాన్ని చెడగొట్టొచ్చని 2001లోనే చూపించారు. ఈ జబ్బు, మెదడు లోపల స్ట్రయేటం అనే చోట, పైభాగంలో డోపమైన్‌ని ముందు ఖాళీ చేస్తుంది, కిందిభాగంలో ఇంకా నిల్వ ఉంటుంది. పైదానికి సరిపోయే డోసు కిందిదానికి ఎక్కువవుతుంది.

లెక్కలమాస్టారు: ఇది ఒప్పుకుంటా. నేను మెదడంతా ఒకే ట్యాంకు అనుకున్నా.

గ్రూప్స్‌బ్యాచ్: సీనియర్‌కి ఇదంతా చదివి వినిపించా. "నేను తక్కువున్న బ్యాచ్‌లేరా" అని గ్లాసు ఎత్తాడు.